అమ్మకానికి రాని కవి

ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మడం విజయేందర్‌కు ఇరవై ఏళ్లుగా అలవాటు. చదివింది ఏడో తరగతే అయినా, కవుల సంగతి తనకన్నా తెలిసినవాడు నాంపల్లి దాకా వెతికినా దొరకడని అతని ధీమా.

ప్రతి ఆదివారం ఇద్దరు పెద్దమనుషులు అతని పుస్తకాల ముందే నిలబడి వాదించుకునేవారు. రిటైరైన క్లర్కు ఇంద్రసేన ఒక కవిని ఆకాశానికెత్తితే, తెలుగు మాస్టారు మల్లేశ్వరరావు ఇంకో కవిని ఎత్తేవారు. వచ్చిన గిరాకీ ఆ కేకలకు జంకి పక్కకు పోయేది.

ఆ రోజు విజయేందర్‌కు ఒళ్లు మండింది.

"జర ఆగున్రి సార్! ఏ కవి పుస్తకం ఇంట్లకెళ్లి బయటికి రాదో గాయనే పెద్ద కవి. మీ కవులు గీ కుప్పల ఉన్నరేమో దేవులాడున్రి."

ఇద్దరూ కుప్ప మీద పడ్డారు. మాస్టారి కవే ముందు దొరికాడు.

"చూసిన్రా మాస్టర్‌సాబ్, మీ కవిని ఎవరో వదిలించుకున్నరు!" అని ఇంద్రసేన చిందేశారు.

మాస్టారు చిన్నబోయి పుస్తకం తెరిచారు. పేజీ పేజీ అంచునా పెన్సిల్‌తో "వాహ్! వాహ్!" అని రాసి ఉంది. అట్ట లోపల సొంతదారు పేరు, ఇంద్రసేన.

"మా ఇంటామె దసరాకు ఇల్లు సర్దుకుంట పాత పేపర్లల్ల ఏసినట్టుంది," అని ఇంద్రసేన గొణిగారు. "నెల సంది దేవులాడుతున్న."

మాస్టారు ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టి, మళ్లీ కుప్ప ముందు కూర్చున్నారు.

"ఒక చెయ్యి వెయ్యండి ఇంద్రసేనగారూ. మీ కవి కూడా ఇందులోనే ఉండాలి. అట్ట లోపల నా పేరుంటుంది."