పోలమ్మ బాప్తిస్మం

పుల్లలచెరువు దగ్గర పల్లెలో ఉంటుంది పోలమ్మ. ఆదివారం వస్తే నెత్తిన కొంగు కప్పుకుని చర్చిలో వెనక చాప మీద కూర్చుంటుంది. పాటల్లో అందరికంటే గట్టి గొంతు ఆమెదే. ప్రభువు బల్ల రొట్టె వచ్చినప్పుడు మాత్రం ముట్టకుండా పక్కవాళ్ళకు అందిస్తుంది. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు తినకూడదు మరి. ఆ రొట్టె కోసం ఏళ్ళుగా ఆశపడి, ఈ ఎండాకాలం బాప్తిస్మానికి సరేనంది. చర్చి వెనక తొట్టిని ట్యాంకరు నీళ్ళతో నింపారు. తెల్లచీర కట్టుకుని అందులో దిగింది.

"పాత మనిషిని ఈ నీళ్ళల్లో పూడ్చిపెట్టి, కొత్త మనిషిగా లేస్తావమ్మా," అంటూ పాస్టరు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఉండండి అయ్యగారూ. ట్యాంకరు కాడ నాకంటే ముందు పెట్టిందని మా తోడికోడలు గురవమ్మ బిందె తన్నినాను. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ కోపం ఇంకా ఉండాది. దాంతోనే మునిగితే, తడిసిన పాత మనిషే గదా పైకొచ్చేది?"

పోలమ్మ తొట్టిలోంచి బయటికొచ్చి, నీళ్ళు కారుతున్న చీరతోనే గురవమ్మ గడప ముందుకు పోయి నిలబడింది.

"ఏందే ఈ అవతారం?"

"తన్నింది నాదే తప్పక్కా. నన్ను ముంచేటప్పుడు నువ్వుండాల."

గురవమ్మ కాసేపు ఎగాదిగా చూసింది. "నిన్ను ముంచుతారంటే రాకుండా ఉంటానా!" అంటూ దండెం మీది తువ్వాలు లాగి భుజాన వేసుకుంది.