ముందు గదిలో వ్యాకరణం

మా తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. వీధిలో అందరికీ ఆమె ట్యూషన్ టీచరు. మా ముందు గదిలో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతుంది. సాయంత్రమైతే గుమ్మం నిండా చెప్పులే. ఇల్లు ఊడ్చేది నేను కాబట్టి నా ఏడుపు నాది.

ఆమె పాఠం మాత్రం చూసి తీరాలి. పిల్లలనే మాటలుగా నిలబెడుతుంది. "స్లీప్" వచ్చినవాడు చాప మీద పడుకుంటే చాలు, వాడికి ఇంకెవరితోనూ పని లేదు. "త్రో" వచ్చినవాడు మాత్రం విసరడానికి ఏదో ఒకటి వెతుక్కోవాలి. ఓసారి వాడికి నా పూలకుండీ దొరికింది. "అకర్మక క్రియ ఏదో, సకర్మక క్రియ ఏదో ఇక జన్మలో మరిచిపోరు" అని మురిసిపోయింది మహాతల్లి. నా కుండీ గొడవ ఎవరికి పట్టింది!

ఏడాదిగా ఆమె చూపు తగ్గిపోతోంది. ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. బోర్డు మీద అక్షరాలు కనిపించవు.

"ఎవరికైనా తెలిస్తే ఒక్క పిల్లాణ్ణి కూడా పంపరే. పాఠం లేకపోతే నేనేమైపోవాలి?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పకుండా నోరు కుట్టేసుకున్నాను. నాకది ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి.

మొన్న మందుల షాపాయన భార్య వచ్చింది. వాళ్లమ్మాయి మా దగ్గరే చదువుతోంది. "పాఠం ఎలా చెబుతారో చూద్దామని వచ్చానండీ" అంటూ కూర్చుంది. కాసేపటికి తనే లేచి, బోర్డు మీద గబగబా ఒక ఇంగ్లీషు వాక్యం రాసింది.

"ఇందులో ఏ మాట ఏమవుతుందో చెప్పండి టీచర్ గారూ."

అంతలో పిల్లలు లేచారు. ఒక్కొక్కరూ ఒక్కో మాట గట్టిగా చదివి, వరసగా నిలబడ్డారు, రోజూ జరిగే తంతే అన్నట్టు. వీళ్లకెప్పుడు తెలిసిందో! అక్క ఒక్కొక్కరి భుజం తట్టి "నువ్వు నామవాచకం, నువ్వు విశేషణం, నువ్వు క్రియ" అంటూ చెప్పుకుపోయింది. ఎక్కడా తడబడలేదు.

హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. అక్క ఊరుకుంటేనా!

"అమ్మా, నాకు బోర్డు కనిపించదు. పిల్లలు వినిపించారు కాబట్టి చెప్పాను. మీ దగ్గర దాచలేను" అంది.

షాపాయన భార్య సుద్దముక్క కింద పెట్టింది. "పాఠం బాగుందండీ, కాదనను. కానీ పిల్లలు రాసినదాంట్లో తప్పులు ఎవరు దిద్దుతారు?"

"నేను దిద్దుతాను!" అనేశాను.

"నువ్వా! విశేషణం అంటే ఏంటో తెలుసుటే నీకు?" అంది అక్క.

"తెలీదు. నేర్పు మరి."

షాపాయన భార్యకి నవ్వొచ్చింది. "నెల్లాళ్లు చూస్తానండీ" అని కూతుర్ని అక్కడే ఉంచి వెళ్లింది.

ఇప్పుడు చివరి వరసలో నేనూ కూర్చుంటున్నాను. నిన్న తప్పు చెప్పానని అందరి ముందూ నా చెవి మెలిపెట్టబోయింది అక్క. చెవి దొరక్క మొహమంతా తడుముతుంటే, నేనే తల వంచి అందించాను.