తలుపుకు ఎదురు కుర్చీ

జూన్ 14, శనివారం, సాయంత్రం. కౌలాలంపూర్.

హాజరైనవారు: నేను, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, మా ఆయన చెల్లెలు, అంటే నా ఆడపడుచు, మనవరాలిని చేసుకోబోయే చీనా అబ్బాయి, అతని తండ్రి, తల్లి.

రానివారు: ఆడపడుచు భర్త. టీవీలో ఫుట్‌బాల్ ఉందని మా ఊళ్ళో, సుంగై పెటానిలోనే ఉండిపోయాడు. ఆయన నిక్షేపంగా బతికే ఉన్నాడు. ముందు ముందు ఈ సంగతితో పని పడుతుంది కనుక ఇక్కడే రాస్తున్నాను.

రబ్బరు తొడుగుల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అక్కడ రోజూ మొదట రాసేది ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదే. డైరీలోనూ అదే అలవాటు. మామూలుగా రోజుకు నాలుగు ముక్కలు రాసి మూసేస్తాను. ఈ శనివారం మాత్రం నాలుగు ముక్కల్లో పట్టదు.

మర్నాడు ఉదయం, కౌలాలంపూర్‌కు దగ్గర్లోని సైబర్‌జయలో, మా అమ్మాయి ఇంట్లో, మనవరాలి నిశ్చితార్థం. పీట మీద కూర్చున్న పిల్లకు మొదటి బొట్టు ఎవరు పెట్టాలన్నది పేచీ. పిల్ల బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా నా దగ్గరే, సుంగై పెటానిలో పెరిగింది. "ఫస్ట్ బొట్టు అమ్మమ్మదే లా" అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, ఫోనులో తేల్చి చెప్పింది. భర్త లేనిదాన్ని కనుక నేను పెట్టకూడదని, భర్త ఉన్న తనే పెట్టాలని ఆడపడుచు తేల్చింది. మా అమ్మాయి ఇద్దరికీ సరే అంది. నేను మనవరాలితో "చూద్దాంలే" అన్నాను.

చూద్దాం అనడానికి కారణం ఉంది. మా అమ్మాయి పెళ్ళినాటికి మా ఆయన పోయి ఏడాది కాలేదు. గుడి హాల్లో పెళ్ళి జరుగుతుంటే వంటగది తలుపు పక్కన నిలబడి, అన్నం గుండిగల ఆవిరిలోంచి చూశాను. నా కూతురికి మొదటి బొట్టు మేనత్తే పెట్టింది. ఆ కుంకుమ బరిణె నాది, నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చినది. ఆడపడుచు దాన్ని నా పెట్టెలోంచి తీసుకుపోయి, పని అయ్యాక తిరిగి పెట్టేసింది. తీసుకుంటానని ఒక్క మాట అడగలేదు. అప్పుడు అందరూ అది సహజమే అనుకున్నారు. నేనొక్కదాన్నే అనుకోలేదు. అనుకోలేదని ఎవరికీ చెప్పలేదు.

అబ్బాయిది ఈపో ఊరు. కాంటనీస్ మాట్లాడే కుటుంబం. తండ్రికి టైర్ల కొట్టు ఉంది, తల్లి పసిపిల్లల బడిలో టీచరుగా చేసి మానేసింది. నిశ్చితార్థానికి ముందు రెండు కుటుంబాలూ ఒక బల్ల దగ్గర తినాలని పిల్లలిద్దరూ కలిసి హోటల్ ఎంచారు. పెద్ద షాపింగ్ మాల్ పై అంతస్తులో కొత్తగా తెరిచిన కాంటనీస్ హోటల్ అది. బయట గులాబి రంగు లైటుతో వంకర తిప్పిన చీనా అక్షరాలు తప్ప వేరే బోర్డు లేదు. లోపల పక్షుల పంజరాలు వేలాడదీసి వాటిలో దీపాలు పెట్టారు. ఎక్కడో పాత చీనా కొట్లు పడగొట్టినప్పుడు తెచ్చిన చెక్క తలుపులు గోడలకు బిగించారు. వడ్డించేవాళ్ళకు నల్ల ఏప్రన్లు, తెల్ల బూట్లు. మెనూ కార్డు లేదు, బల్ల మీద గళ్ళ బొమ్మను ఫోనుతో ఫోటో తీసి చూసుకోవాలి. ఆ చీకట్లో మా అల్లుడు ఫోను టార్చి వేసి మెట్టు వెతుక్కున్నాడు.

"ఇదేటి, ఈళ్ళు కరెంటు బిల్లు కట్టనేదా?" అంది ఆడపడుచు.

మాకు విడిగా ఒక గది ఇచ్చారు. పెద్ద గుండ్రని బల్ల, మధ్యలో తిరిగే రాతి పలక. అబ్బాయివాళ్ళు ఇంకా కారు పెట్టే చోటు వెతుక్కుంటున్నారు. ఈలోపు ఆడపడుచు సర్దుడు మొదలుపెట్టింది.

"పిల్లా, నువ్వూ ఆ పిల్లడూ ఇటు తలుపు కాడ కూకోండి. పక్కన నేను కూకుంటాను. ఒదినా, నువ్వు అదిగో, ఆ మూలకి పో. ఇంకా లోపలికి. ఆ, అక్కడ."

ఆమె ఉద్దేశం తెలుస్తూనే ఉంది. పెళ్ళికూతురికి ఎంత దూరం ఉంటే అంత మంచిదని. నేను చుట్టూ తిరిగి ఆ కుర్చీ దగ్గరకు వెళ్ళాను. తలుపుకు సరిగ్గా ఎదురుగా, అన్నిటికన్నా లోపల ఉంది. మిగతా అందరి ముందూ బట్టరుమాలు పడుకోబెట్టి ఉంది. ఈ కుర్చీ ముందు మాత్రం విసనకర్రలా మడిచి నిలబెట్టి ఉంది.

మా ఫ్యాక్టరీ యజమానులు చీనావాళ్ళు. ఏటా మాకందరికీ చీనా హోటల్లో విందు ఇచ్చేవారు. నిలబెట్టిన రుమాలు ఉన్న కుర్చీలో యజమాని తల్లి కూర్చునేది. ఆమె రాని ఏడు దాన్ని ఖాళీగా ఉంచారు తప్ప వేరెవరినీ కూర్చోబెట్టలేదు. బల్లకు పెద్ద కుర్చీ అదే. ఆడపడుచుకు ఆ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. ఆమె చూపించిన చోటే కూర్చుని, రుమాలు విప్పి ఒళ్ళో పరుచుకున్నాను.

అబ్బాయి తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి గుమ్మంలోనే నన్ను చూసి తల వంచాడు. అబ్బాయి టీ కూజా తీసుకుని, పక్కనున్న మా అమ్మాయినీ అల్లుణ్ణీ దాటుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి రెండు చేతులతో నా గిన్నెలో మొదట పోశాడు. అతని తల్లి ఆడపడుచు వైపు తిరిగి మలాయ్‌లో, "మీరూ మాలాగే చేస్తారా? పెద్దావిడకు పెద్ద కుర్చీ ఇచ్చారు. చాలా సంతోషం" అంది.

ఆడపడుచు ముందు నవ్వింది. తర్వాత ఆ కుర్చీ వైపు, రుమాలు వైపు చూసింది. ఆ తర్వాత తెలుగులోకి దిగింది.

"ఒదినా, నీకు మోకాళ్ళ నొప్పులు గదా. ఇటు తలుపు కాడికి రా. బాత్రూం దగ్గిర."

"నా మోకాళ్ళు ఇయ్యాల బాగున్నాయి."

"ఏసీ గాలి నీ నెత్తి మీదే కొడతంది."

"సల్లగా బాగుంది."

"అంత లోపల కూకుంటే నీకు కూరలు అందవు."

"బల్ల తిరుగుతాది, అమ్మాయ్."

అల్లుడు టీ పొరబోయి దగ్గాడు. మా అమ్మాయి అతని వీపు తట్టే నెపంతో నా వైపు వంగి, "అమ్మా, రేపటి దాకా ఊరుకోవే" అంది. నేను టీ తాగాను. చేమంతి పూల టీ. బాగుంది.

వంటకాలు వచ్చాయి. బొగ్గులా నల్లని ఆవిరి బన్నులు, పైన బంగారు గీత. విరిస్తే ఉప్పు గుడ్డు సొన, తియ్యగా, కారిపోతూ ఉంటుంది. గాజు గుమ్మటం కింద పొగలో పెట్టి తెచ్చిన కాల్చిన బాతు. తేనె పూసిన పందిమాంసం. మాకోసం ఆవుమాంసం ఏదీ చెప్పకుండా అబ్బాయే చూసుకున్నాడట. అతను లేచి నిలబడి నా వైపు చూసి, "పోపో, సిక్ ఫాన్" అన్నాడు. అమ్మమ్మా, భోజనానికి రండి అని. ఆ తర్వాత వయసు వరసన ఒక్కొక్కరినీ పిలిచాడు. అది వాళ్ళ ఇళ్ళల్లో రోజూ జరిగేదేనట. పిలుపులు అయ్యాక అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగారు. నా కోసం ఆగారు.

చీనావాళ్ళకు తెలుగు రాదన్న ధైర్యంతో ఆడపడుచు గట్టిగానే అంది. "ఒదినా, నువ్వు ముందు ముట్టకు. మంచి పని మీద ఒచ్చినాం. పిల్ల నాన్నని తియ్యనీ."

అల్లుడు చెంచా మీద చెయ్యి వేశాడు. అబ్బాయి తండ్రి ఆశ్చర్యంగా చూసేసరికి తీసేశాడు. బాతు మీది పొగ విడిపోయింది. నేను మనవరాలి వైపు చూశాను. ఆ పిల్ల తెలుగు సరిగా మాట్లాడదు గానీ ఒక్క ముక్క కూడా వదలకుండా అర్థం చేసుకుంటుంది. చేతిలోని చాప్‌స్టిక్స్ కింద పెట్టేసి, నా వైపే చూస్తూ కూర్చుంది. నేను తినకపోతే తనూ తినదన్నమాట. చిన్నప్పుడు కూడా అంతే, నేను పళ్ళెం ముందు కూర్చుంటే గానీ ముద్ద మింగేది కాదు.

నేను పుల్లలు తీసుకున్నాను. చర్మం బాగా వేగిన బాతు ముక్క ఒకటి ఎంచి, నోట్లో పెట్టుకుని, తొందర పడకుండా నమిలి మింగాను.

"బాగుంది. తినండి" అన్నాను మలాయ్‌లో.

అందరి చేతులూ ఒక్కసారి కదిలాయి.

ఆ తర్వాత చేప వచ్చింది. అన్నిటిలోకీ అదే మేలు. గొప్పలకు పోకుండా ఆవిరి మీద ఉడికించి, సన్నగా తరిగిన అల్లం, కాగిన నూనె, సోయా రసం పోశారు. అబ్బాయి తండ్రి రాతి పలకను మెల్లగా తిప్పి చేప తల నా వైపు వచ్చేలా ఆపాడు. దవడ కింద మెత్తని కండ తీసి నా పళ్ళెంలో వేశాడు. పైవైపు అయిపోయాక ఆడపడుచు చెంచా ఒక చేత్తో, ఫోర్కు ఒక చేత్తో పట్టుకుని చేపను బోర్లా తిప్పబోయింది. అబ్బాయి తల్లి "అయ్యో" అన్నట్టు అరిచి ఆమె మణికట్టు పట్టుకుంది. తర్వాత సిగ్గుపడి, నవ్వుతూ మలాయ్‌లో చెప్పింది. చేపను తిరగేయకూడదట, తిరగేస్తే పడవ తిరగబడుతుందట. వేటకు వెళ్ళే బెస్తవాళ్ళ పట్టింపు. ఇప్పుడు పడవలు లేకపోయినా కార్లు ఉన్నాయి కదా, ఈయన రేపు ఈపో దాకా నడపాలి అని భర్తను చూపించింది. ఆయన స్టీరింగ్ పట్టుకున్నట్టు నటించి అందరినీ నవ్వించాడు.

ఆడపడుచు అందరికన్నా ఎక్కువ నవ్వింది. "సూసినావా ఒదినా! సేపని తిరగేస్తే పడవ మునిగిపోతాదంట! ఈ కాలంలో కూడా ఇలాంటియి నమ్మీవోళ్ళు ఉన్నారు!"

"ఉన్నారు" అన్నాను.

"ఏటి?"

"నేను బొట్టు పెడితే పిల్ల కాపురం తిరగబడిపోతాదని నమ్మీవోళ్ళు కూడా ఉన్నారు. రేపు నా మనవరాలికి మొదటి బొట్టు నేనే పెడతాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా అమ్మాయి "అమ్మా" అంది.

"అదీ ఇదీ ఒకటేనా?" ఆడపడుచు ముఖం ఎర్రబడింది. "మనది శాస్త్రం."

"ఆళ్ళదీ ఆళ్ళకి శాస్త్రమే. ఆళ్ళ బల్ల కాడ ఉన్నాను గనక ఆళ్ళ సేపని నేను తిరగెయ్యను. నా మనవరాలి ఇసయంలో నీ మాట ఇనను."

"మా అన్నే ఉండుంటే..."

"మీ అన్నే ఉండుంటే ఈ గొడవే నేదు గదా!"

అల్లుడు చేప వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆడపడుచు గొంతు తగ్గింది. ఈసారి కోపంతో కాదు, భయంతోనే అంది. "రేపు పిల్లకి ఏటన్నా అయితే నీ వల్లే అంటారు ఒదినా."

"నా పెళ్ళిలో నాకు మొదటి బొట్టు పెట్టినామెకి మొగుడున్నాడు, ఇంటినిండా పిల్లలున్నారు. ఏరి కోరి ఆమెనే పిలిచినారు. అయినా మీ అన్న యాభై నిండకుండా పోయినాడు. ఆమెని ఎవరైనా ఏటైనా అన్నారా? నన్నంటే అననీ. నేను పడతాను."

ఆమె చెంచా కింద పెట్టింది. నేను ఇంత మాట్లాడతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పక్కన అబ్బాయి ఏం జరుగుతోందని ఇంగ్లీషులో అడుగుతుంటే మనవరాలు అతని చెవిలో ఏదో చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ పోగుచేసుకుని, "ఫిక్స్ లా అమ్మమ్మా. మాట మార్చకు" అంది. అబ్బాయి తన తండ్రికి చెప్పాడు. ఆయన టీ కూజా అందుకుని నా గిన్నె నింపాడు. నేను రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాను. పోసినవారికి మర్యాద చెప్పడం అది. అబ్బాయి తల్లి చేప తోక పట్టుకుని నడిమి ముల్లు మొత్తం ఒక్క లాగుతో ఎత్తేసింది. కింది వైపు కండ తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. తిరగేయవలసిన పనే లేదు.

చివరికి మామిడిపండు సగ్గుబియ్యం పాయసం తెచ్చారు. ఆడపడుచు "తీపి సాల్నేదు" అంది. ఆ గొడవ తర్వాత ఆ రాత్రి ఆమె నా ఎదుట అన్న మాట అదొక్కటే.

ఆదివారం ఉదయం. స్నానం చేసి, పెట్టెలోంచి మా అమ్మ ఇచ్చిన కుంకుమ బరిణె నేనే తీసుకున్నాను. అబ్బాయివాళ్ళు వచ్చి చాప మీద ఒద్దికగా కూర్చున్నారు. పీట మీద పిల్ల కూర్చుంది. ఆడపడుచు హాల్లోకి రాలేదు. వంటగది తలుపు పక్కన, పసుపు చేతులతో నిలబడి ఉంది. వచ్చిన వాళ్ళలో ఒకరిద్దరు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. చూడనిచ్చాను. మూత తీసి, ఉంగరపు వేలు అద్ది, నా మనవరాలి నుదుటి మధ్య బొట్టు పెట్టాను. పిల్ల కళ్ళు మూసుకుని పెట్టించుకుంది.

తర్వాత మా అమ్మాయి పెట్టింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ రాలేదు. బరిణె మూత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. వంటగది తలుపు దగ్గర అలికిడి అయింది. ఆడపడుచు చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి పీట ముందు నిలబడింది. పిల్ల నుదురు చూసింది.

"నుదురంతా నువ్వే పూసేసినావు. నేనెక్కడ పెట్టీది?"

"సోటుంది. సూసి పెట్టు."

ఆమె చెయ్యి చాపి ఆగింది. బరిణె నా ఒళ్ళోనే ఉంది. నేను కదలలేదు.

"ఒదినా, ఆ బరిణె ఓసారి ఇత్తావా?"

అప్పుడు ఇచ్చాను.