అత్తమ్మ ఎంచిన చిన్న ట్రాక్టర్

శంషాబాద్‌లో మా ట్రాక్టర్‌కు ఆయిల్ మార్పించి, ఇంజన్ ఆన్ చేసి చూస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి "ఫిల్టర్ గూడ మార్పియ్యి బిడ్డా, మర్వకు" అని చెప్పిన మా అత్తమ్మ, నేను తిరిగి ఇల్లు చేరేలోపే కన్నుమూసింది. గుండెల్లో నొప్పి అందట. మంచినీళ్లు అడిగిందట. దవాఖానకు తీసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు.

మెకానిక్ నా ముఖం చూసి ఇంజన్ ఆపేశాడు. "బండి ఈడ్నే ఉండనియ్ అక్కా. నేను బైకు మీద దించొస్త" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ట్రాక్టర్ ఎక్కి, సర్వీసు రోడ్డు మీదుగా మా ఊరు పాల్మాకుల దాకా నేనే నడుపుకుంటూ వచ్చాను. దారంతా ఏడ్చాను. బండి మాత్రం తిన్నగానే నడిచింది.

ఆమె పోయి నెల దాటింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే, ఎటు తిరిగినా ఆ ట్రాక్టర్ దగ్గరికే వస్తున్నాను. కాబట్టి అదే చెబుతాను.

నేను కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్లో పెరిగాను. మా అమ్మానాన్నలది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. బాల్కనీలో తులసి కుండీ తప్ప నేను మట్టి ముట్టింది లేదు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తున్నప్పుడు మా ఆయన పరిచయమయ్యాడు. ప్రయాణికుల పెట్టెలున్న ట్రాలీలను విమానం దాకా లాగే చిన్న బండి ఉంటుంది కదా, ఆయన దాని డ్రైవరు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే, ఆమె ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూసింది.

"గారేంది బిడ్డా, నేనేమన్న సర్పంచ్‌నా? అత్తమ్మా అను, సాలు" అంది.

పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. అదే ఏడాది మామయ్య పోయారు. ఆయన పోయాక ఎడ్లను చూసుకునేవాళ్లు లేక అమ్మేశారు. మిగిలింది రెండెకరాల ఎర్రచెలక నేల. అందులో సగం జామతోట, సగం కూరగాయలు. దున్నాలంటే కిరాయి ట్రాక్టరే దిక్కు. పెద్ద ట్రాక్టర్ల వాళ్లకు మా చిన్న ముక్క కంటికి ఆనదు. బతిమాలితే వచ్చేవారు, అదీ అందరి పొలాలూ అయ్యాక. అప్పటికి వాన పదును ఆరిపోయి నేల రాయిలా అయ్యేది. జామ సాళ్ల మధ్యకు వస్తే కొమ్మలు విరిచి పోయేవారు. విరిగిన ప్రతి కొమ్మ దగ్గరా అత్తమ్మ ఆగేది. ఆకులు దులిపి, కొమ్మను గట్టు మీదికి లాగేది.

ఆ రోజుల్లోనే ఒకాయన వచ్చాడు. ఎయిర్‌పోర్టుకు వచ్చేవాళ్ల కార్లు పెట్టుకోవడానికి మా భూమి కిరాయికి కావాలన్నాడు. మా ఆయనకు ఆ ఆలోచన నచ్చింది.

"నెల నెల కిరాయి వస్తది అమ్మా. నీకు మోకాళ్ల నొప్పులు. నాకు డ్యూటీ. ఇగ ఎవుసం ఎవరు చేస్తరు?"

"చెట్లు?" అని అడిగింది అత్తమ్మ.

కార్లు నిలపాలంటే చెట్లు తీసేయక తప్పదని ముగ్గురికీ తెలుసు.

కొన్నాళ్లకు మా ఆయన తన ఫోన్‌లో పాపకు వీడియో చూపిస్తున్నాడు. ఆయన నడిపే బండి వెనక ట్రాలీల వరుస రైలులా సాగుతోంది. అత్తమ్మ వంగి చూసింది.

"గంత చిన్న బండి గన్ని పెట్టెలు గుంజుతదా?"

"గుంజుతదమ్మా."

"మరి మన చేన్ల నాగలి గుంజదా?"

ఆయన నవ్వాడు. "అది సిమెంటు మీద నడిచే బండి. చేన్ల పెడితే దిగబడ్తది."

"చేన్ల నడిచే చిన్నది గూడ ఉంటది గద. జర ఈ ఒక్క పంట దాక ఆగు. చూద్దాం. కాకపోతె నీ ఇష్టం."

అలా ఆరాంఘర్ దారిలో ఒక షోరూమ్‌కు వెళ్లాం. పాప నా చంకలో ఉంది. అత్తమ్మ లోపలికి అడుగు పెడుతూనే కుర్చీ అడిగింది. ఎక్కడికి వెళ్లినా అంతే. "నిలబడి బేరం చేస్తె కాళ్లు తొందర వెడ్తయి" అనేది. షోరూమ్ అబ్బాయి మా ఆయనను నేరుగా పెద్ద ట్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మా ఆయన దాని చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, మురిసిపోయాడు.

"ఊర్ల కిరాయికి గూడ తిప్పొచ్చమ్మా."

"నువ్వు డ్యూటీకి పోతవు. తిప్పేదెవరు?" అని, కొంగుముడి విప్పి ఒక తాడు తీసింది. జామ సాళ్ల మధ్య కొమ్మలు తగలకుండా ఎంత జాగా ఉందో కొలిచి ముడి వేసి తెచ్చుకుంది. ఆ తాడును పెద్ద ట్రాక్టర్ ముందు పట్టుకుంటే టైర్లు రెండు పక్కలా బయటికే ఉన్నాయి. "బండి మన చేనుకు గావాలె గని, ఊరికి చూపెట్టనీకి కాదు" అంది.

అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచింది. అది ముద్దుగా ఉంది కూడా. షోరూమ్ వాళ్లు మర్నాడు దాన్ని మా చేనుకే తెచ్చి నడిపి చూపించారు. సాళ్ల మధ్య చక్కగా పట్టింది. కానీ వెనక మట్టిని గుల్లచేసే రోటవేటర్‌ను నేలకు దించగానే, మా గట్టి చెలకలో ఇంజన్ రొప్పింది. రెండు సార్లు ఆగిపోయింది. మా ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో గెలుపు లేదు, జాలే ఉంది. ఇక కార్ల పార్కింగే అనుకున్నాను.

అత్తమ్మ గట్టు మీద కూర్చుని పక్కనున్న మట్టిపెళ్లను వేళ్లతో నొక్కి చూసింది. తర్వాత, "నేను వెడల్పు చూసిన గని బలం చూడలె. తప్పు నాదే" అంది. అని, ఆ అబ్బాయినే అడిగింది: "దీనికన్న జర బలమున్నది, గింతే వెడల్పుది ఉన్నదా?"

ఉంది. మళ్లీ షోరూమ్‌కు వెళ్లాం. దాని వెనక టైర్లను లోపలికి జరిపి బిగించుకోవచ్చట. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుందట. అత్తమ్మ తాడు పట్టి చూసుకుంది. పాడైతే ఎవరొస్తారని, సామాన్లు శంషాబాద్‌లో దొరుకుతాయా లేదా అని అడిగింది. ముందుకు పోవడం కన్నా తిరగడమే ముఖ్యమని, చిన్న మడి చివర ఎంత జాగాలో మళ్లుతుందో బయట ఖాళీ స్థలంలో తిప్పించి చూసింది. అంతా అయ్యాక నా చంకలోంచి పాపను తీసుకుంది.

"ఎక్కు" అంది.

"ఎవరు? నేనా?"

"ఇంకెవరు? వాడు పొద్దుగాల్నే పోతడు. నా కాలు క్లచ్ మీద వెడితె మోకాలు నా మాట ఇనది. ఈ బండి నీకే చూస్తున్న. కాలు అందకపోతె ఇప్పుడే చెప్పు, ఇంకోటి చూద్దాం."

"నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు అత్తమ్మా."

"రాకపోతె నేర్చుకుంటవు. నాకు రొట్టె చేసుడు పెండ్లైనంకనే వచ్చింది."

నేను ఎక్కాను. కాలి వేళ్లు మాత్రమే క్లచ్‌కు తగిలాయి. షోరూమ్ అబ్బాయి సీటు కింద మీట లాగి ముందుకు జరిపాడు. ఈసారి పాదం మొత్తం ఆనింది. అత్తమ్మ పాపను ఎత్తుకునే కిందికి వంగి చూసింది. "సగం దిగిందా, మొత్తం దిగిందా?"

"మొత్తం దిగింది."

"అయితె గిదే" అంది.

ఉద్యోగం మానేశాక ఆ రెండేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. పాప తిందా, పడుకుందా, ఆయన వచ్చాడా అని. నా కాలు దేనికైనా అందుతుందా అని అడిగింది ఆమె ఒక్కతే. సీటు మీద కూర్చునే కళ్లు తుడుచుకున్నాను. అందరూ భయంతో అనుకున్నారు.

నేర్పించింది మా ఆయనే, సెలవు రోజుల్లో. ఆజ్ఞలు మాత్రం గట్టు మీది నుంచి వచ్చేవి. "కొమ్మను జూడకు, సాలు జూడు! నువ్వు ఏది జూస్తె బండి గాడికే వోతది!" నేను కొమ్మనే చూశాను, బండి అక్కడికే పోయింది. కంచెకు పాతిన ఒక రాతి కడీ పడగొట్టాను కూడా. ఆమె ఏమంటుందోనని బిక్కచచ్చి చూస్తే, ఆమె పడీ పడీ నవ్వుతోంది. ఒకసారి తనూ ఎక్కింది. పది గజాలు పోయేసరికి మోకాలు పట్టేసి, దిగి, "నా సరదా తీరింది" అంది. మళ్లీ ఎక్కలేదు.

ఆ తొలకరికి వాన పడి వెలిసిన పొద్దున, ఆమె గుప్పెడు మట్టి తీసి పిసికి, వదిలి, అది పొడిపొడిగా రాలడం చూసి, "నడువ్" అంది. ఊళ్లో వాళ్లు ఇంకా కిరాయి ట్రాక్టర్లకు ఫోన్లు చేస్తుండగానే మా చేను దున్నేశాను. ఒక్క కొమ్మ విరగలేదు. సాయంత్రం స్టీరింగ్ పట్టిన నా అరచేతులు బొబ్బలెక్కి ఉంటే ఆమే అన్నం కలిపి పెట్టింది. కొత్తిమీర, పాలకూర, తర్వాత జామకాయలు. అన్నీ వచ్చాయి. కార్ల పార్కింగ్ ఆయన మళ్లీ వస్తే, మా ఆయనే మాట దాటేశాడు. అత్తమ్మ ఆ వచ్చినాయన చేతుల్లో నాలుగు జామపండ్లు పెట్టి, "ఈ ఏడు మంచిగ కాసినయ్, తినిపో" అంది.

ఇప్పుడు మంఖాల్ వైపు ఎకరమో అరెకరమో కొన్న సిటీవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఏ ట్రాక్టర్ కొనమంటారని. కంపెనీ పేరు చెబుతాననుకుంటారు. మీ చేనులో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏదో కొలుచుకోండి అంటాను. మీ నేలలోనే దున్నించి చూడండి, షోరూమ్ ముందు కాదు అంటాను. ఇంట్లో దాన్ని నిజంగా నడిపేది ఎవరో ముందు తేల్చుకుని, వాళ్లను ఎక్కించి చూడండి అంటాను. ఇందులో నా సొంత తెలివి ఏమీ లేదు.

దశదిన కర్మ అయిన మర్నాడు పెద్ద వాన పడింది. ఆ మరుసటి పొద్దున పక్క చేను ఆమె మా వాకిట్లో నిలబడి ఉంది. ఒంటరి మనిషి. అడగడానికి ఇబ్బంది పడుతోంది.

"మీ ఇంట్ల గిట్లయింది, అడుగొద్దు గని... మా ఎకరం జర దున్నుతవా బిడ్డా? పదును పోతది."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాకు అలవాటు లేని చేను. మొదటి సాలు మెల్లగా తీశాను. చివరిదాకా పోయి మళ్లేటప్పుడు చూద్దును కదా, నా వెనక కొంగలు. ఎటు నుంచి వచ్చాయో, కొత్తగా తిరగబడిన మట్టిలోకి దిగి, పురుగులు ఏరుకుంటూ బండి వెంటే నడుస్తున్నాయి. మా మీదుగా ఒక విమానం చాలా కిందికి దిగుతూ పోయింది. ఒక్క కొంగ కూడా తల ఎత్తలేదు. గట్టు మీద పాప వాటిని చూసి చప్పట్లు కొడుతోంది. నేను ఇంకో సాలుకు మళ్లాను. ఎర్రటి తడి మట్టి మీద, ఆ తెల్లటి వరుస కూడా నాతోపాటే మళ్లింది.