మా బొగ్గుబావి అన్న అద్దాల మేడ ఎక్కిన రోజు

ఇటు దగ్గరికి జరగండి. ఆ పీట లాక్కోండి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. కూతురితో మాట మానేసిన మా అన్న మళ్ళీ ఎట్లా నోరు విప్పాడో చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు!

తెలంగాణ కోసం జనమంతా సమ్మె కట్టిన రోజులవి. మా అన్న గోదావరి ఒడ్డు ఊళ్ళో బొగ్గుబావి కార్మికుడు. బావుల్లో పని ఆగింది, బొగ్గు కదల్లేదు, హైదరాబాదులో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. చందానగర్‌లో మా ఇంట్లో పచ్చడి సగంలో ఉండగా మిక్సీ ఆగిపోతే నాకు కోపం రాలేదు. "చూశారా, మా అన్న చెయ్యి ఆపితే పట్నమంతా ఆగింది" అని పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను.

ఆయన కూతురు నా దగ్గరే ఉండేది. ఇంజనీరింగు చదివి, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో చేరింది. మిద్దెల మీద నల్లటి అద్దాల పలకలు బిగించి ఎండతో కరెంటు పుట్టించడం వాళ్ళ పని. ఆ సంగతి తెలిసిన రోజే అన్న పిల్లతో మాట మానేశాడు. ఫోన్ చేస్తే నాతో మాట్లాడి పెట్టేసేవాడు. "బొగ్గు తిని పెరిగి బొగ్గుకే ఎసరు పెడుతున్నది" అని నా చెవిలో పోసేవాడు.

ఇంతలో కంపెనీవాళ్ళు పిల్లను గుజరాత్ పంపుతామన్నారు. అక్కడ బీడు భూముల్లో కనుచూపు మేర పలకలు పరుస్తున్నారట. ఆ పని నేర్చుకుని రావాలి. పోతుందో లేదో శనివారం సాయంత్రంలోగా చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని పంపుతారు. పిల్ల మొండికేసింది. "బాపు పొమ్మంటేనే పోత అత్తమ్మా. లేకుంటే లేదు." బాపు చూస్తే ఫోనులో పిల్ల పేరే ఎత్తనివ్వడు. ఇంత కష్టపడి చదివిన చదువు ఇక్కడే ఆగిపోతుందేమోనని నాకు నిద్రే లేదు.

శనివారం రానే వచ్చింది. ఆ రోజు ముంబై రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు ఆపడమన్నమాట. డప్పులు మోగుతున్నాయి, పిల్లలు జెండాలు పట్టుకుని ఉరుకుతున్నారు. నేను కిచిడీ గుండిగలో గరిటె తిప్పుతున్నాను. బస్సులు బందు కదా, కూరగాయల వ్యానొకటి దూరంగా ఆగింది. అందులోంచి దిగింది ఎవరనుకున్నారు? మా అన్న! పట్నంలో సభ ఉందని వచ్చాడట.

"ఏందే చెల్లే, నడిరోడ్డు మీదనే కాపురం పెట్టినవా?"

"పెట్టిన! నువ్వు బొగ్గు ఆపినవ్, నేను బండ్లు ఆపిన. ముందుగాల తిను."

తిన్నాడు. రెండోసారి వడ్డిస్తూ మెల్లగా కదిపాను. "అన్నా, ఒక్కపారి బిడ్డ పనిచేసేకాడికి పోయొద్దాం."

"నేనెందుకు? నా పొట్టగొట్టే దుకాణం సూస్తందుకా?"

"తిట్టేది తిట్టనే తిడుతున్నవ్. జర కండ్ల సూసి తిట్టు."

నవ్వు ఆపుకోలేకపోయాడు. అంతే, గరిటె పక్కావిడ చేతికిచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని సందుల్లోంచి నడిపించి, అవతల ఆటో ఎక్కించాను.

పిల్ల పనిచేసే అద్దాల మేడ గేటు దగ్గర కాపలా పిల్లవాడు ఆపాడు. వాడు ఏమీ అడగకముందే మా అన్న జేబులోంచి బీడీలకట్ట, అగ్గిపెట్టె తీసి వాడి చేతిలో పెట్టి, బిళ్ళ కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు. బావిలో దిగేముందు నిప్పు పైనే అప్పగించి గుర్తుబిళ్ళ తీసుకోవాలి, లోపల గ్యాసు ఉంటుంది. ఆ అలవాటు ఆయన చేతులది.

"ఏంది పెద్దాయనా, నాకు బీడీలిస్తున్నవ్? నేను తాగ."

"తాగుతందుకు కాదు, దాచిపెట్టు. పైకొచ్చినంక తీస్కుంట."

"పైకి పోతున్నవ్ గద! కిందికొచ్చినంక తీస్కో!"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. మెట్లెక్కుతూ అన్న అంతస్తుకొకసారి ఆగి దగ్గాడు. "ఎక్కు ఎక్కు, కరెంటు ఆపింది నువ్వే కదనే" అని నేను ఎగతాళి చేశాను గానీ, ఆ దగ్గు వింటుంటే నాకు లోపల బాగాలేదు.

మిద్దె మీద ఎండ మండిపోతోంది. పలకలు వరసలుగా మెరుస్తున్నాయి. పక్కనే చిన్న గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది! చుట్టుపక్కల కరెంటు లేకపోయినా అది తిరుగుతోంది. తండ్రిని చూసి పిల్ల చేతిలో పని వదిలేసింది. అన్న ఆమెను దాటి వెళ్ళి ఫ్యాను కింద నిలబడి కాలరు ఎత్తి గాలి పోసుకున్నాడు. పిల్ల పైఅధికారి, కోస్తా సారు, కుర్చీ లాగి వేశాడు.

"కూర్చోండి బాబాయిగారూ. మీరు పని ఆపాకే బొగ్గు విలువేంటో మాకు తెలిసిందండి."

"తెలువాలె సారూ! బొగ్గు మాది, పొగ మాది, కరెంటు ఎవలెవలికో. రేపు రాష్ట్రమొస్తే మా బొగ్గు మా పొలాల మోటర్లు తిప్పాలె."

"తిప్పుతుందండి. కానీ ఎన్నాళ్ళు? ఢిల్లీ సర్కారువాళ్ళు కూడా ఎండతో, గాలితో కరెంటు అంటున్నారు. మీ బొగ్గు అయిపోతే?"

అన్న లేచి నిలబడ్డాడు. "అయిపోతదా? ఎవడన్నడు? పొద్దుగూకితే మీ ఎండ ఏడికి పోతది? మొగులు పడి ఎండ మాయమైతే ఏం జేస్తరు? రాత్రి గీ పంక తిరగాలంటే నా బొగ్గు మండాలె!"

"నిజమేనండి, రాత్రికి మీరే దిక్కు."

సారు ఒప్పుకునేసరికి అన్నకు ఊపొచ్చింది. "నా మనుమల మనుమలు తవ్వినా మా బొగ్గు ఒడువదు, అయిపోదు. ఒడిసేది మనుషులు సారూ. నాతోటి దిగినోళ్ళు..." అంటూనే దగ్గు తెర కమ్మింది. పిల్ల నీళ్ళు తెచ్చింది. సారు గొంతు తగ్గించి అడిగాడు.

"మరి మీ అమ్మాయిని బావిలో పనికి పంపుతారా అండి?"

"నా బిడ్డనా? అది దిగొద్దనే నేను దిగిన!"

 పిల్ల నీళ్ళ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు అంది: "మరి నేను ఏడికి పోవాలె బాపూ? దిగొద్దంటివి. ఎక్కితేనేమో మాట బందు జేస్తివి."

అన్న నీళ్ళు తాగాడు. నడిచి వెళ్ళి ఒక పలక మీద అరచెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. చెయ్యి ఊదుకుంటూ, పలకనే చూస్తూ అడిగాడు.

"గుజరాత్‌ల దుమ్ముంటదా?"

"శానా ఉంటదట బాపూ."

"ముక్కుకు బట్ట గట్టుకో. నా లెక్క కట్టుకోకుంట దగ్గు తెచ్చుకోకు. బండి ఎన్నడు?"

నాకు ఒళ్ళు తెలియలేదు. మిద్దె అదిరేట్టు "జై తెలంగాణ!" అని అరిచేశాను. సారు రెండు చేతులూ ఎత్తి, "అది మాత్రం నేను అననండీ. కావాలంటే మీ మేనకోడలికి జై కొడతాను" అన్నాడు. పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది. అన్న మాత్రం హుషారుగా ఆమెకు పని చెబుతున్నాడు. "నేర్సుకున్నది ఆడనే ఇడిసి రాకు. మా బాయిల పక్కన తవ్వి పోసిన మట్టిగుట్టలు బీడువడి ఉన్నయ్. వచ్చి వాటి మీద గీ పలకలు పరుద్దువు. నేను సూస్త!"

పొద్దుగూకకముందే పిల్ల పోతానని చెప్పేసింది.

మీ ఇంట్లో సంపాదించేవాళ్ళ ఊపిరి నిండుగా ఉండాలి. మీ బిడ్డలు ఎక్కడికి పోతామన్నా వెళ్ళిరమ్మనే గుండె మీకుండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరగాలి, ఈ అత్తమ్మ దీవెన!