కాంతం టీచరుగారు మెచ్చుకున్న రోజు

కొత్తపేట రోడ్డులో బస్సు ఆగినప్పుడల్లా నానబెట్టిన కొబ్బరి పీచు వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే ఆ పీచు గోతుల వెనకున్న కాంతం టీచరుగారి ఇల్లు గుర్తొస్తుంది. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పేవారు. బోర్డు మీద లెక్క సరిగ్గా చేస్తే, "ఊఁ, తరవాతది" అనేవారు, అంతే. మెచ్చుకోవడం ఎరగరు. ఆవిడ చేత ఒక్కసారైనా బాగుందనిపించుకోవాలనే పట్టుదలతో చదివి చదివి, చివరికి నేనూ లెక్కల టీచరునే అయ్యాను.

రిటైరయ్యాక ఆవిడకు పార్కిన్‌సన్స్ జబ్బు వచ్చింది. చేతులు వణికేవి. గుమ్మం దగ్గరకొచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. మందులు పనిచెయ్యడం తగ్గాక హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. మెదడులోకి సన్నటి తీగలు, ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం. అది మెదడులోని సంకేతాలను కనిపెడుతూ, అవసరమైనప్పుడు కరెంటు పెంచుతుంది, లేనప్పుడు తగ్గిస్తుంది.

చూడ్డానికి వెళ్తే టీచరుగారే తొణక్కుండా కాఫీ తెచ్చిచ్చారు. "మా చెల్లి మనవరాలు నీ క్లాసే కదా. నువ్వు చెప్పిన పాఠం నాకు అప్పజెప్పిందమ్మా. నాకంటే నువ్వే బాగా చెప్తున్నావు" అన్నారు. కాఫీ గడగడా తాగేశాను.

గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే వాళ్ల చెల్లెలు గొంతు తగ్గించి, "ఆపరేషనయ్యాక అక్క అందర్నీ ఇలాగే పొగుడుతుందండి. ఆయ్, నిన్న పాలాయన్ని కూడా. ఆ మిషను వల్ల ఒక్కోసారి మనసు అలా అవుతుందని, సరిచేస్తామని డాక్టరుగారు చెప్పేరండి" అంది.

చెయ్యి నిలిపింది యంత్రమే. మరి మాట?

టీచరుగారు మిషను సరిచేయించుకుని వచ్చాక మళ్లీ వెళ్లాను. చెయ్యి నిలకడగానే ఉంది, ముఖం మాత్రం మునుపటి క్లాసు ముఖమే. ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు నేను బాగా చెప్తున్నానన్నారండి. అది మీ మాటేనా?"

"అన్నట్టు గుర్తుందమ్మా. అబద్ధమైతే కాదు. మిషను లేకపోతే అనేదాన్నా అంటే, ఏమో. అప్పుడూ నేనే అనిపిస్తుంది, ఇప్పుడూ నేనే అనిపిస్తుంది. నాకే తేలటంలేదు, నీకేం చెప్పను?"

"ఇప్పుడు ఇంకోసారి అంటారాండీ?"

"ఇప్పుడు నోరు రాదమ్మా" అన్నారు.

నిరుడు ఆవిడ గుండెపోటుతో పోయారు. పాఠం బాగా కుదిరిన రోజున ఆ మాట మనసులోకి తెచ్చుకుంటాను. ఒకరోజు అది ఆవిడదే అనిపిస్తుంది, ఒకరోజు కాదనిపిస్తుంది. అయినా వదులుకోలేను. ఆవిడ నుంచి నాకు దక్కిన మెప్పు అదొక్కటే.