చప్పుడు లేకుండా రాలిన కాగితాలు

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే చెల్లెలి ఫోన్. "అక్కా, దుకాణం చాచా పోయిండ్రంట. పొద్దున లేపితే లేవలేదంట" అంది.

ఆయన మాకు చుట్టం కాదు. సికింద్రాబాద్ జనరల్ బజార్ వెనక సందులో పెళ్లి అలంకరణ సామాన్ల దుకాణం ఆయనది. జరీ దండలు, కారుకు కట్టే రిబ్బన్లు, రంగు కాగితాలు అమ్మేవారు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ మా ఇంటి క్రిస్మస్ నక్షత్రం అక్కడిదే. లోపల బల్బు పెట్టి వెలిగించి చూపించనిదే చేతికిచ్చేవారు కాదు. "కొన్నంక ఏడ్సుడు కంటే కొనకముందు చూసుడు మంచిది బేటా" అనేవారు. ఆ మాట విలువ నాకు చెల్లెలి పెళ్లప్పుడు తెలిసింది.

చెల్లికి ఏడేళ్లప్పుడు వంటింట్లో తన పక్కనే కుక్కర్ పేలింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ అప్పటినుంచి హఠాత్తుగా పెద్ద చప్పుడు వింటే కొయ్యబారిపోయేది, ఊపిరి అందేది కాదు. పెళ్లి కుదిరినప్పుడు ఈ సంగతి అబ్బాయివాళ్లకు చెప్పలేదు. ఏమనుకుంటారోనని అమ్మ భయం.

పెళ్లికి పది రోజుల ముందు మల్కాజ్‌గిరి నుంచి పెళ్లికొడుకే నాకు ఫోన్ చేశాడు. "వదినా, చర్చి మెట్లు దిగేటప్పుడు మావాళ్లు రంగు కాగితాలు చిమ్మే పేపర్ బ్లాస్టర్లు పేలుస్తారంట. మీకు దుకాణాలు తెలుసు కదా, ఓ ఆరు తీసుకురండి" అన్నాడు. కాదనడానికి కారణం చెప్పలేక సరేనన్నాను.

దుకాణానికి వెళ్లి, "చాచా, చప్పుడు తక్కువ వచ్చేటివి ఉన్నయా?" అని అడిగాను.

"పేలేటిదానికి తక్కువ చప్పుడేందీ బేటా? ఎవరికి తక్లీఫ్?"

ఎవరికి ఇబ్బందని అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. ఆయన బ్లాస్టర్ల డబ్బా మూసి పైన పెట్టేశారు.

"చప్పుడు ఒక్క దినంది. దాచుడు దినాం ఉంటది. పిల్లతోని చెప్పించు. ఇద్దరినీ నా దగ్గరికి తోల్కరా."

చెల్లి నా మీద మండిపడింది. "నన్నడగకుంట బజార్ల ఎందుకు చెప్పినవ్?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే అతనికి ఫోన్ చేసింది. నేను తలుపు బయట నిలబడ్డాను. బయటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ అతనన్న మాట చెప్పింది: "ముందే చెప్పుంటే నిశ్చితార్థం రోజు టపాసులు కాల్పించేవాణ్ణి కాదు కదా!"

మర్నాడు ముగ్గురం దుకాణానికి వెళ్లాం. బ్లాస్టర్లకు బదులు చేత్తో చల్లేవి చూపిస్తానంటూ చాచా స్టూలెక్కి గుప్పెడు చమ్కీ ముక్కలు వదిలారు. తళుక్కుమని తిన్నగా కింద పడ్డాయి. "మెరుస్తయి గానీ మెట్ల మీద కాలు జారుతది." ఎర్ర కాగితం ముక్కను తడిపి తన తెల్ల రుమాలుకు అద్దారు. ఎర్రటి మరక. "చెమట తగిలితే తెల్లచీరకు గిట్లనే అయితది." చివరికి గాలిపటాలు చేసే పల్చటి పతంగుల కాగితం తీశారు. తెలుపు, లేత పసుపు. గోరంత ముక్కలు కోసి వదిలితే గిరగిరా తిరుగుతూ ఎంతకీ దిగిరావు. పెళ్లికొడుకు అరచెయ్యి చాచి ఒకదాన్ని పట్టుకున్నాడు. చెల్లి నవ్వింది.

"ముఖం మీద కొట్టొద్దు. ఆఖరి మెట్టు దిగినంక పైకి ఇసరుండ్రి" అని చెప్పి, పొట్లం కడుతూ ఇంకోమాట కలిపారు. "చల్లినోళ్లే ఊడ్వాలె."

పెళ్లిరోజు చర్చి తలుపులు తెరుచుకోగానే మెట్లకు రెండువైపులా అందరూ పొట్లాలు పట్టుకుని నిలబడ్డారు. ఆఖరి మెట్టు దగ్గర చెల్లి అలవాటుకొద్దీ కళ్లు గట్టిగా మూసుకుని అతని చెయ్యి పట్టుకుంది. అందరూ ఒక్కసారే విసిరారు. ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచేసరికి తన చుట్టూ తెల్లగా, పసుప్పచ్చగా కాగితాలు దిగుతున్నాయి. అంత నిశ్చింతగా తను తల పైకెత్తి చూడటం ఏడేళ్ల వయసు తర్వాత నేనెన్నడూ చూడలేదు.

ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాచుకోవడం మాత్రం పోయింది. దీపావళికి మరిది కిటికీలన్నీ మూసి, తన పక్కన కూర్చుని అంత్యాక్షరి పాడతాడు. అతని గొంతు టపాసుల కంటే ఘోరమని మా చెల్లి ఫిర్యాదు. ఈ సంసారంలో చాచా వాటా ఎంతో మాకు తెలుసు. ఆయనకు చెబితే "కాగితమే గదా అమ్మిన" అనేవారు.

పెళ్లిరోజు ఆయనా వచ్చారు. ఇస్త్రీ చేసిన షేర్వానీలో, గేటు దగ్గరే, జనానికి దూరంగా నిలబడ్డారు. ఫొటోల మధ్యలో చెల్లి ఆయన్ను చూసింది. ఓ పిల్ల చేతిలోని పొట్లం అందుకుని, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గబగబా వెళ్లి ఆయన తల మీదుగా గుప్పెడు విసిరింది.

"అరే, నాకెందుకు బేటా!" అన్నారు గానీ పక్కకు జరగలేదు. కళ్లు మూసుకుని ముఖం పైకెత్తారు. తెల్లటి గడ్డంలో పసుపు ముక్కలు ఒక్కొక్కటే వచ్చి వాలుతుంటే, చిన్నపిల్లాడిలా అలాగే నిలబడ్డారు.